ప్రయోగశాలలో అయస్కాంత పునఃసంధానం: ఏది రుజువైంది, ఏది కాలేదు?

1. ఉపోద్ఘాతం

విద్యుదయస్కాంతత్వం పాఠాల్లో మీరు ఫారడే నియమం, లెంజ్ నియమం, హాల్ ప్రభావం చదివారు. ఆ మూడింటినీ ఒక్కచోటికి తెచ్చే దృగ్విషయం అయస్కాంత పునఃసంధానం. సూర్యుడి మీద జ్వాలలు ఎగసినా, సౌరపవనం తాకిడికి భూమి అయస్కాంత కవచం తెరుచుకున్నా, టోకమాక్ పరికరంలో ప్లాస్మా నడిమి భాగపు ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయినా, వాటి వెనుక ఇదే ఉందని భౌతిక శాస్త్రజ్ఞులు అంటారు. ఎదురెదురు దిశల్లో ఉన్న అయస్కాంత క్షేత్రాలు ప్లాస్మాలో ఒకదానికొకటి చేరువైనప్పుడు వాటి అమరిక మారిపోతుంది. క్షేత్రంలో నిలవ ఉన్న శక్తి కణాల వేగంగానూ వేడిగానూ బయటపడుతుంది.

ఈ వ్యాసం ఆ దృగ్విషయానికి పాఠం కాదు. దాన్ని ప్రయోగశాలలో పరీక్షించిన తీరు మీద విమర్శ. విమర్శ అంటే తప్పులు ఎన్నడం అనుకోకండి. ఒక ప్రయోగం నిజంగా ఏం చెప్పింది, దాని పేరు మీద మనం ఏం చెప్పుకుంటున్నాం అనే రెండింటినీ వేరుచేసి చూడటమే విమర్శ.

సంపర్క తరగతుల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "సార్, మా ఊళ్ళో ప్రయోగశాలే లేదు. అంత పెద్ద ప్రయోగాల గురించి మేం మంచిచెడ్డలు చెప్పగలమా?" కామారెడ్డిలో ఉద్యోగం చేసుకుంటూనో, ఎల్లారెడ్డి వైపు ఊళ్ళలో వ్యవసాయం చూసుకుంటూనో చదువుతున్న మీకు ఈ సందేహం సహజం. కానీ ఒక సంగతి గమనించండి. ప్రిన్స్‌టన్‌లో పనిచేసే శాస్త్రజ్ఞుడి గదిలో కూడా సూర్యుడు లేడు. అతను ఒక ఇనుప తొట్టిలో కొలతలు తీసుకొని, లెక్క సాయంతో సూర్యుడి గురించి మాట్లాడుతున్నాడు. ఆ లెక్కలో ఎక్కువ భాగం గుణకారం, భాగహారం, వర్గమూలమే. ఆ కొలతల నుంచి సూర్యుడి దాకా వేసిన అడుగులు సరైనవో కావో చూడటానికి పరికరం అక్కర్లేదు, ఓపిక చాలు. ఈ వ్యాసంలో మనం చేయబోయేది అదే.

2. పదం తెచ్చే చిక్కు

ముందు పేరు చూద్దాం. "పునఃసంధానం" అనగానే దారం తెగి మళ్ళీ ముడి పడినట్టు మనసులో ఒక బొమ్మ ఏర్పడుతుంది. జవాబుపత్రాల్లో "బలరేఖలు తెగి అతుక్కుంటాయి" అనే వాక్యం తరచూ కనిపించేది అందుకే. బలరేఖ దారం కాదు. క్షేత్రం ఏ చోట ఏ దిశలో ఉందో చూపడానికి ఫారడే వాడిన రేఖాచిత్రం అది. దండాయస్కాంతం మీద కాగితం పరచి ఇనుపరజను చల్లితే గీతలు కనిపిస్తాయి. అంతమాత్రాన రెండు గీతల నడుమ క్షేత్రం లేదని కాదు కదా!

మరి లేని దారం తెగిందని శాస్త్రజ్ఞులు ఎందుకు అంటున్నారు? ప్లాస్మా చాలా మంచి విద్యుద్వాహకం. అందులో ప్లాస్మాతో పాటే కదిలే ఒక వలయాన్ని ఊహించుకోండి. ఫారడే నియమం ప్రకారం ఆ వలయం గుండా పోయే అయస్కాంత అభివాహం మారాలంటే వలయం చుట్టూ విద్యుచ్ఛాలక బలం ఉండాలి. నిరోధమే లేని వాహకంలో అలాంటి బలం నిలవదు. కాబట్టి అభివాహం మారదు. దీని పర్యవసానంగా, ఒకే బలరేఖ మీద ఉన్న రెండు ప్లాస్మా భాగాలు ఎటు కదిలినా ఒకే బలరేఖ మీద ఉంటాయి. క్షేత్రం ప్లాస్మాలో "గడ్డకట్టుకుపోయింది" అనే భావన ఇదే. 1940ల తొలినాళ్ళలో దీన్ని ప్రవేశపెట్టినవాడు స్వీడన్ శాస్త్రజ్ఞుడు హానెస్ ఆల్వెన్. ఆయనకు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది.

విశేషం ఏమిటంటే ఈ భావనను విచ్చలవిడిగా వాడవద్దని గట్టిగా హెచ్చరించింది కూడా ఆల్వెనే. 1976లో ఆయన రాసిన ఒక వ్యాసం గడ్డకట్టిన బలరేఖల భావననూ, బలరేఖల పునఃసంధానం అనే మాటనూ రెండింటినీ తప్పుబట్టింది. బొమ్మను వస్తువుగా పొరబడుతున్నారనీ, అసలు చూడవలసింది విద్యుత్ ప్రవాహాలనూ కణాలనూ అనీ ఆయన అభ్యంతరం. ఆయన ముగింపుతో చాలామంది ఏకీభవించలేదు. అయినా ఆ అభ్యంతరం ప్రయోగశాలకు ఒక మేలు చేసింది. పునఃసంధానం అనేది నిజమైన భౌతిక మార్పు అయితే, దాన్ని గీతల బొమ్మతో కాకుండా కొలవదగిన రాశులతో చూపించాలన్న పట్టుదల పెరగడానికి ఇలాంటి విమర్శలే కారణం.

కాబట్టి నిర్వచనాన్ని ఇలా రాసుకోండి: మునుపు ఒకే బలరేఖ మీద ఉన్న ప్లాస్మా భాగాలు, ఒక చిన్న ప్రాంతంలో "గడ్డకట్టిన" నియమం సడలడం వల్ల, తరువాత వేర్వేరు బలరేఖల మీదికి చేరడమే అయస్కాంత పునఃసంధానం. ఇందులో దారమూ లేదు, ముడీ లేదు. నియమం సడలిన ఆ చిన్న ప్రాంతంలో ఏం జరుగుతోందన్నదే అసలు ప్రశ్న.

3. చెరువు తూము లెక్క

సౌరజ్వాల నిమిషాల్లో ఎగసి గంటల్లో చల్లారుతుంది. సిద్ధాంతం ఆ వేగాన్ని ఇవ్వగలదా? ఒక ఉదాహరణ తీసుకుందాం. సూర్యుడి కరోనాలో 10,000 కిలోమీటర్ల ప్రాంతం అనుకోండి. అక్కడ ఆల్వెన్ వేగం, అంటే అయస్కాంత అలజడి ప్రయాణించే వేగం, సెకనుకు 1000 కిలోమీటర్లు అనుకుందాం. ఆ ప్రాంతాన్ని దాటడానికి అలజడికి 10 సెకన్లు పడుతుంది. ఇక నిరోధం వల్ల క్షేత్రం మెల్లగా కరిగిపోవడానికి పట్టే కాలాన్ని ఈ 10 సెకన్లతో భాగిస్తే వచ్చే సంఖ్య పేరు లుండ్‌క్విస్ట్ సంఖ్య. కరోనాలో అది లక్ష కోట్ల స్థాయిలో ఉంటుంది. అంటే నిరోధం ఒక్కదానినే నమ్ముకుంటే జ్వాల వెలువడటానికి సుమారు 3 లక్షల సంవత్సరాలు పడుతుంది!

1950లలో పీటర్ స్వీట్, యూజీన్ పార్కర్ ఈ లెక్కను మెరుగుపరిచారు. వారి ఊహను మనకు తెలిసిన చెరువు తూముతో అర్థం చేసుకోవచ్చు. ఎల్లారెడ్డి పరిసరాల్లో చెరువు కట్టను, తూమును చూడనివాళ్ళు ఉండరు. చెరువు ఎంత పెద్దదైనా, నీళ్ళు బయటికి పోయే వేగాన్ని నిర్ణయించేది తూము వెడల్పు. స్వీట్, పార్కర్ నమూనాలో ఎదురెదురు క్షేత్రాలు కలిసే చోట పొడవైన, పలుచని ప్రవాహపు పొర ఏర్పడుతుంది. ప్లాస్మా ఆ పొర పొడవునా రెండు వైపుల నుంచీ లోపలికి వస్తుంది. బయటికి మాత్రం పొర రెండు కొసల దగ్గరి సన్నని సందుల గుండానే పోవాలి. లోపలికి వచ్చినంత బయటికి పోవాలి కాబట్టి, సందు సన్ననైన కొద్దీ రాక కూడా నెమ్మదిస్తుంది.

లెక్క కడితే రాక వేగం ఆల్వెన్ వేగంలో "ఒకటి బై లుండ్‌క్విస్ట్ సంఖ్య వర్గమూలం" వంతు అని తేలుతుంది. లక్ష కోట్ల వర్గమూలం 10 లక్షలు. మన ఉదాహరణలో పొర పొడవు 10,000 కిలోమీటర్లు అయితే మందం 10 మీటర్లే! జ్వాలకు పట్టే కాలం 10 సెకన్లకు 10 లక్షల రెట్లు, అంటే సుమారు నాలుగు నెలలు. 3 లక్షల సంవత్సరాల నుంచి నాలుగు నెలలకు దిగడం గొప్ప పురోగతే. అయినా సూర్యుడు నిమిషాల్లో చేసే పనికి అది సరిపోదు. జ్వాలలను వివరించాలంటే రాక వేగం ఆల్వెన్ వేగంలో సుమారు పదో వంతు దాకా ఉండాలి.

తూము ఉపమానం ఎక్కడ చెల్లదో కూడా చెప్పుకోవాలి. తూములో నీటిని నెట్టేది భూమ్యాకర్షణ. ఇక్కడ ప్లాస్మాను బయటికి విసిరేది కొత్తగా ఏర్పడిన వంపు తిరిగిన బలరేఖల బిగువు. ఉపమానం ద్రవ్యరాశి లెక్క వరకే పనికొస్తుంది. శక్తి లెక్కకు పనికిరాదు.

4. ప్రిన్స్‌టన్ పరికరం

అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్టెంజెల్, గెకెల్‌మన్ 1970ల చివరి నుంచే పునఃసంధానం మీద వివరమైన ప్రయోగాలు చేశారు. ఆ తరువాత ప్రిన్స్‌టన్ ప్లాస్మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మసాకి యమాడా నాయకత్వాన 1995లో అయస్కాంత పునఃసంధాన ప్రయోగం మొదలైంది. మన విమర్శకు ప్రధాన ఉదాహరణ ఇదే.

శూన్యం చేసిన తొట్టిలో, నడుమ రంధ్రం ఉన్న గారెల ఆకారంలో రెండు వలయాలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి లోపల తీగచుట్టలు ఉంటాయి. రెండింటిలోనూ విద్యుత్తు ఒకే దిశలో ప్రవహించినప్పుడు, వాటి మధ్యన క్షేత్రాలు పరస్పరం రద్దయ్యే చోటు ఒకటి ఏర్పడుతుంది. వాయువును ప్లాస్మాగా మార్చాక చుట్టల్లో విద్యుత్తును తగ్గిస్తారు. అప్పుడు అభివాహం మధ్యలోని ఆ చోటు గుండా వెనక్కి లాగబడుతుంది. పునఃసంధానం అక్కడ జరుగుతుంది. మొత్తం వ్యవహారం సెకనులో వెయ్యో వంతు స్థాయిలో ముగిసిపోతుంది.

ప్లాస్మా ఉష్ణోగ్రత సుమారు లక్ష కెల్విన్లు. అంత వేడిలో కొలిచే సాధనం కరగదా అని మీరు అడగవచ్చు. ప్లాస్మా సాంద్రత మన చుట్టూ ఉన్న గాలి సాంద్రతలో లక్షో వంతు కన్నా తక్కువ, వ్యవధి అత్యల్పం. అందువల్ల సన్నని సాధనాలను లోపలికి దింపగలుగుతారు. ఆ సాధనాల్లో ముఖ్యమైనది చిన్న తీగచుట్ట. దాని గుండా పోయే అభివాహం మారితే చుట్టలో వోల్టేజి పుడుతుంది. ఆ వోల్టేజిని కాలంతో సమాకలనం చేస్తే క్షేత్రం తెలుస్తుంది. మీ పాఠంలోని ఫారడే నియమమే అక్కడ కొలబద్ద.

5. 1998 పరీక్ష: ఒప్పందం ఎంత?

1998లో హన్‌టావో జీ, యమాడా తదితరులు స్వీట్, పార్కర్ నమూనాను ప్రయోగంతో పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. రాక వేగం, పోక వేగం, పొర మందం, విద్యుత్ క్షేత్రం, ప్రవాహ సాంద్రత అన్నీ కొలిచారు. నమూనాకు కొన్ని సవరణలు చేస్తే కొలతలు దానితో సరిపోయాయి. దీన్ని "స్వీట్, పార్కర్ నమూనా రుజువైంది" అని ఒక్క వాక్యంలో చెప్పడం తేలిక. ఆ సవరణలు ఏమిటో చూస్తే అసలు విషయం తెలుస్తుంది.

మొదటిది, పొరలో ప్లాస్మా పోగుపడటాన్ని లెక్కలోకి తీసుకున్నారు. రెండవది, బయట ఉన్న ప్లాస్మా పీడనాన్ని లెక్కలోకి తీసుకున్నారు. కాలువ ముందే నిండి ఉంటే తూము నుంచి నీరు ఎంత మెల్లగా పోతుందో అలాంటిదే ఇది. పోక వేగం ఆల్వెన్ వేగం కన్నా తక్కువగా కనిపించడానికి అదే కారణం. ఈ రెండూ న్యాయమైన సవరణలే.

మూడవదాని దగ్గర మనం ఆగాలి. కణాల అభిఘాతాల వల్ల ప్లాస్మాకు ఎంత విశిష్ట నిరోధం ఉండాలో స్పిట్జర్ సూత్రం చెబుతుంది. ప్రయోగంలో అభిఘాతాలు తక్కువైనప్పుడు నిరోధం ఆ విలువ కన్నా చాలా రెట్లు ఎక్కువగా కనిపించింది. నమూనాలో పెట్టినది సూత్రం ఇచ్చిన నిరోధం కాదు, ప్రయోగంలో కొలిచిన నిరోధం. రచయితలు ఈ సంగతిని దాచలేదు, స్పష్టంగానే చెప్పారు. అయితే దాని అర్థం ఏమిటి? ద్రవ్యరాశి, ద్రవ్యవేగం లెక్కలు సరిగ్గా ఉన్నాయని రుజువైంది. నిరోధం ఎందుకు పెరిగింది అన్నది రుజువు కాలేదు. "గడ్డకట్టిన" నియమాన్ని సడలించేది ఏది అన్న అసలు ప్రశ్నకు జవాబును ప్రయోగం నుంచే అరువు తెచ్చుకొని నమూనాలో పెట్టారు.

ఇంకొక లెక్క మీరే చేయండి. ఈ పరికరంలో లుండ్‌క్విస్ట్ సంఖ్య వెయ్యికి మించదు. 400 అనుకుందాం. వర్గమూలం 20. నెమ్మది నమూనా ప్రకారం రాక వేగం ఆల్వెన్ వేగంలో 0.05 వంతు. వేగవంతమైన పునఃసంధానం అయితే 0.1 వంతు. తేడా రెండు రెట్లే. సూర్యుడి దగ్గర అదే తేడా లక్ష రెట్లు! కొలతల్లో సహజంగా ఉండే దోషాలను దృష్టిలో పెట్టుకుంటే, ఇంత చిన్న పరికరంలో వేగం ఒక్కదాన్ని కొలిచి రెండు సిద్ధాంతాల మధ్య తీర్పు చెప్పడం కష్టం. అలాంటప్పుడు వేగం కాక ఇంకొక సాక్ష్యం కావాలి.

6. 2005 పరీక్ష: నాలుగు రేకుల సాక్ష్యం

ఆ సాక్ష్యం హాల్ ప్రభావం రూపంలో దొరికింది. అర్ధవాహకాల పాఠంలో ప్రవాహానికీ క్షేత్రానికీ లంబంగా పుట్టే హాల్ వోల్టేజి మీకు గుర్తుండే ఉంటుంది. ప్లాస్మాలో అయాన్లు బరువైనవి, ఎలక్ట్రాన్లు తేలికైనవి. పొర మందం ఒక హద్దు కన్నా తగ్గితే అయాన్లు క్షేత్రాన్ని అనుసరించలేక విడిపోతాయి. ఎలక్ట్రాన్లు మాత్రం దాన్ని అంటిపెట్టుకొని ఇంకా లోపలికి వెళ్తాయి. ప్రిన్స్‌టన్ ప్లాస్మాలో ఆ హద్దు సుమారు 3 సెంటీమీటర్లు. రెండు రకాల కణాలు వేర్వేరు దారులు పట్టినప్పుడు వలయాకార ప్రవాహాలు పుడతాయి. వాటి వల్ల పునఃసంధాన తలానికి లంబ దిశలో కొత్త క్షేత్రం ఏర్పడుతుంది. అది నాలుగు రేకుల పువ్వులా ఉంటుంది. పక్కపక్క రేకుల్లో క్షేత్రం దిశ వ్యతిరేకంగా ఉంటుంది. ఇది సిద్ధాంతం ముందుగానే చెప్పిన ఆకారం.

2005లో యాంగ్ రెన్, యమాడా బృందం ఆ నాలుగు రేకులనూ ప్రయోగశాలలో కొలిచి చూపించింది. నా దృష్టిలో ఈ పరికరం సాధించిన వాటిలో బలమైన ఫలితం ఇదే. కారణం చెబుతాను. వేగం ఒక సంఖ్య. ఒకే సంఖ్యను పలు కారణాలు ఇవ్వగలవు. నాలుగు చోట్ల గుర్తులు మారుతూ వచ్చే ఆకారాన్ని కాకతాళీయంగా తెప్పించడం కష్టం. అంతేకాదు, అదే తొట్టిలో సాంద్రత పెంచి అభిఘాతాలను ఎక్కువ చేసినప్పుడు రేకులు మాసిపోయాయి, పునఃసంధానమూ నెమ్మదించింది. కారణం అనుకున్నదాన్ని తీసేస్తే ఫలితం కూడా పోవడం కన్నా మంచి సాక్ష్యం ప్రయోగశాస్త్రంలో అరుదు. ఈ పని సూర్యుడి మీద ఎవరూ చేయలేరు. ప్రయోగశాల విలువ ఇక్కడే ఉంది. అది సూర్యుడికి నమూనా కావడం కన్నా, ఒక్కొక్క కారణాన్ని విడదీసి పెంచి తగ్గించి చూడనివ్వడం ముఖ్యం.

ఇక్కడ కూడా ఒక హెచ్చరిక ఉంది. హాల్ ప్రభావం తూము నోరు వెడల్పు చేస్తుందని చెప్పవచ్చు. కానీ "గడ్డకట్టిన" నియమాన్ని అది పూర్తిగా సడలించదు. క్షేత్రం అయాన్లను వదిలినా ఎలక్ట్రాన్లతో కలిసే కదులుతుంది. బంధం చివరికి వీడేది ఇంకా సన్నని ఎలక్ట్రాన్ పొరలో. "హాల్ ప్రభావం వల్ల పునఃసంధానం జరుగుతుంది" అని రాసే విద్యార్థి సగం సమాధానమే రాసినట్టు.

7. కుదరని లెక్క, కుదిరిన లెక్క

ఆ ఎలక్ట్రాన్ పొరను 2008 నాటికి ప్రిన్స్‌టన్‌లో కొలిచారు. దాని మందం కంప్యూటర్ అనుకరణలు చెప్పిన దానికన్నా మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ. కొలిచే సాధనమే ప్లాస్మాను కొంత చెదరగొట్టిందా? మిగిలిన అభిఘాతాలు కారణమా? రెండు మితుల్లో చేసిన అనుకరణకు అందని మూడో మితి అలజడులు ఉన్నాయా? ఒక్కొక్కటీ పరిశీలించారు. అభిఘాతాలు ఒక్కటే తేడా మొత్తాన్ని సర్దిచెప్పలేకపోయాయి. ఇలాంటి తేడాను ప్రచురించడం ఆ బృందానికి తలవంపు కాదు, గౌరవం. ఫలితం సిద్ధాంతంతో సరిపోయినప్పుడే బయటపెట్టే ప్రయోగశాల మాటను ఎవరూ నమ్మరు.

2014లో ఇంకొక ప్రశ్నకు సమాధానం వచ్చింది. లోపలికి వచ్చిన అయస్కాంత శక్తి ఎటు పోతుంది? పొర ప్రాంతంలో కొలిచిన దాని ప్రకారం దాదాపు సగం కణాల శక్తిగా మారింది. అందులో మూడింట రెండు వంతులు అయాన్లకు, ఒక వంతు ఎలక్ట్రాన్లకు దక్కింది. శక్తి నిత్యత్వాన్ని పద్దు పుస్తకంలా రాసి చూపిన పని ఇది. అయితే ఈ నిష్పత్తిని సూర్యుడికి యథాతథంగా అంటించకూడదు. ఎందుకో తరువాతి భాగంలో చూద్దాం.

8. గది గోడలు

అయాన్లు విడిపోయే హద్దు ప్రిన్స్‌టన్‌లో సుమారు 3 సెంటీమీటర్లు, పొర పొడవు 10 నుంచి 20 సెంటీమీటర్లు. నిష్పత్తి ఐదు చుట్టుపక్కల ఉంటుంది. కరోనాలో, ఘనసెంటీమీటరుకు 100 కోట్ల కణాలు ఉన్నాయనుకుంటే, ఆ హద్దు సుమారు 7 మీటర్లు. మన ఉదాహరణలోని ప్రాంతం 10,000 కిలోమీటర్లు. నిష్పత్తి 14 లక్షలు. ఐదుకూ 14 లక్షలకూ మధ్య భౌతిక శాస్త్రం మారదని ఎవరు చెప్పగలరు?

నిజానికి మారుతుందనే సిద్ధాంతం చెబుతోంది. లుండ్‌క్విస్ట్ సంఖ్య సుమారు 10,000 దాటితే పొడవైన పలుచని పొర నిలవలేక ముక్కలవుతుందనీ, మధ్యమధ్యన అయస్కాంత దీవులు ఏర్పడతాయనీ 2007 తరువాతి పరిశోధనలు చూపించాయి. తూము భాషలో చెప్పాలంటే, పొడవైన కట్టకు రెండు కొసల్లోనే కాక చోటుచోటా తూములు తెరుచుకున్నట్టు. అప్పుడు వేగం పెరుగుతుంది. వెయ్యికి మించని పరికరానికి ఈ దశ అందదు. దాన్ని అందుకోవాలనే ప్రిన్స్‌టన్‌లో ఫ్లేర్ అనే ఇంకా పెద్ద పరికరాన్ని నిర్మించారు.

గది గోడలు లేని ప్రయోగశాల కూడా ఒకటుంది. 2015 మార్చిలో నాసా ప్రయోగించిన నాలుగు ఎం.ఎం.ఎస్. ఉపగ్రహాలు భూమి అయస్కాంత కవచపు అంచుల్లో తిరిగాయి. 2015 అక్టోబరు 16న అవి ఎలక్ట్రాన్ పొర గుండానే దూసుకుపోయి, అక్కడి ఎలక్ట్రాన్ల వేగాల పంపిణీని నేరుగా కొలిచాయి. ఉపగ్రహానికి ఉన్న బలం ప్లాస్మాను పెద్దగా చెదరగొట్టకుండా కొలవడం. బలహీనత నాలుగు బిందువుల దగ్గరే, ఒక్క క్షణమే కొలవగలగడం. ప్రయోగశాలకు ఉన్న బలం మొత్తం పటాన్ని గీయగలగడం, కారణాన్ని మార్చి చూడగలగడం. బలహీనత చిన్న పరిమాణం, పక్కనే గోడ, అనేక విడతల ప్రయోగాల సగటు. సగటు తీసినప్పుడు ఒక్కో విడతలోని అలజడి మాయమవుతుందని మరువకండి. ఒకదాని లోపం ఇంకొకటి తీరుస్తుంది. రెండు చోట్లా ఒకే ఆకారం కనిపించినప్పుడే మన నమ్మకం పెరగాలి.

9. మన దేశంలో

ఇదంతా దూరదేశాల సంగతి అనుకోకండి. ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో జి. రవీంద్ర కుమార్ బృందం తీవ్రమైన లేజర్ వెలుగును ఘనపదార్థం మీద ప్రయోగించి, పుట్టిన ప్లాస్మాలో అల్లకల్లోలమైన అయస్కాంత క్షేత్రాలను నేరుగా గమనించి 2012లో ప్రచురించింది. అక్కడ కాలం సెకనులో లక్ష కోట్ల వంతుల స్థాయిలో ఉంటుంది. అది పునఃసంధానానికి రుజువు కాదు, అలా చెప్పుకోనూ కూడదు. ప్రిన్స్‌టన్‌కు పూర్తిగా భిన్నమైన సాంద్రతల్లో, కాలాల్లో కూడా క్షేత్రాల అలజడిని కొలవవచ్చని అది చూపింది.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య ఎల్1 నౌక 2024 జనవరి 6న తన కక్ష్యను చేరింది. అది సూర్యుడి కరోనానూ, జ్వాలల ఎక్స్ కిరణాలనూ, సౌరపవన కణాలనూ, అక్కడి అయస్కాంత క్షేత్రాన్నీ కొలుస్తుంది. అది చూసేది పునఃసంధానం పర్యవసానాన్ని. కారణాన్ని చూసేది తొట్టిలోని చిన్న పొర. ఈ రెండింటినీ కలిపే వంతెన మన లెక్క మాత్రమే. వంతెన గట్టిదా కాదా అన్నది చిన్న విషయం కాదు. 1989 మార్చి 13న అయస్కాంత తుఫాను వల్ల కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో సుమారు 60 లక్షల మందికి గంటల తరబడి కరెంటు పోయింది. ధ్రువాలకు దగ్గరి దేశాలతో పోలిస్తే మన దగ్గర ఆ ముప్పు తక్కువే. కానీ మన ఉపగ్రహాలు తిరిగేది అదే ఆకాశంలో. జ్వాల ఎప్పుడు లేస్తుందో ముందుగా చెప్పాలంటే, నియమం ఎప్పుడు ఎందుకు సడలుతుందో తెలియాలి.

10. సారాంశం

ప్రయోగశాల పునఃసంధానం గురించి మన తీర్పు ఇది. అభివాహం అమరిక మారడం, శక్తి కణాలకు చేరడం గీతల బొమ్మ మాత్రమే కాదని, కొలవదగిన వాస్తవమని రుజువైంది. ఆల్వెన్ అభ్యంతరానికి ఇంతవరకు సమాధానం దొరికింది. అభిఘాతాలు తక్కువైన చోట హాల్ ప్రభావం పనిచేస్తుందని రుజువైంది. ఎలక్ట్రాన్ పొరలో నియమాన్ని చివరగా సడలించేది ఏది అన్న దానికి తొట్టి ఒక్కటే పూర్తి సమాధానం ఇవ్వలేదు. సూర్యుడంత పెద్ద ప్రాంతంలో అదే జరుగుతుందన్నది ఇప్పటికి అనుమితి, కొలత కాదు.

ఇకపై ఏ ప్రయోగం గురించి చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. సిద్ధాంతం ఇవ్వవలసిన ఏ రాశిని ప్రయోగం నుంచి అరువు తెచ్చుకున్నారు? పోటీ సిద్ధాంతాల అంచనాల మధ్య తేడా కొలతల దోషం కన్నా పెద్దదేనా? పరికరం నుంచి ప్రకృతికి వెళ్ళేటప్పుడు ఏ నిష్పత్తి ఎన్ని రెట్లు మారింది? ఈ మూడింటికి జవాబు వెతకడానికి కావలసినవి కాగితం, కలం మాత్రమే. అవి కామారెడ్డిలోనూ ఉన్నాయి, ఎల్లారెడ్డిలోనూ ఉన్నాయి.

ఆలోచించి రాయండి

1. లుండ్‌క్విస్ట్ సంఖ్య 900 అయిన పరికరంలో స్వీట్, పార్కర్ నమూనా ప్రకారం రాక వేగం ఆల్వెన్ వేగంలో ఎన్నో వంతు? దాన్ని 0.1తో పోల్చి, వేగం కొలత ఒక్కటే తీర్పుకు సరిపోతుందో లేదో చర్చించండి.

2. "బలరేఖలు తెగి అతుక్కుంటాయి" అనే వాక్యాన్ని భౌతిక శాస్త్ర దృష్టితో సవరించి రాయండి.

3. చెరువు తూము ఉపమానం పునఃసంధానానికి ఎక్కడ వర్తిస్తుంది, ఎక్కడ వర్తించదు? మీ ఊరి అనుభవం నుంచి ఇంకొక ఉపమానం సూచించి, దాని పరిమితిని కూడా మీరే చెప్పండి.

4. నాలుగు రేకుల క్షేత్రాన్ని కొలవడం, వేగాన్ని కొలవడం: ఈ రెండింటిలో ఏది బలమైన సాక్ష్యం? కారణాలతో వివరించండి. ఈ వ్యాసకర్త అభిప్రాయంతో మీరు ఏకీభవించనక్కరలేదు.